నయాగరాను నడిచి దాటిన బ్లాండిన్

ఉత్తర అమెరికాలో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలకు నయాగరా దాదాపు ఒక తీర్థయాత్ర. ఇండియా నుంచి అమ్మానాన్నలు గాని, అత్తమామలు గాని వచ్చారంటే మొదటి వేసవిలోనే కారు అటు తిరుగుతుంది. పులిహోర, పెరుగన్నం డబ్బాలు సర్దుకుని బయలుదేరతాం. పల్చటి ప్లాస్టిక్ కోట్లు తొడుక్కుని పడవ ఎక్కుతాం, తడుస్తాం, ఫొటోలు దిగుతాం, రాత్రి రంగుల దీపాల వెలుగులో జలపాతాన్ని మరొక్కసారి చూసుకుని వెనక్కి వస్తాం. ఆ జలపాతానికి కాస్త దిగువన, రెండు దేశాల నడుమ ఉన్న లోతైన నదీలోయ మీదుగా 1859లో ఒక మనిషి ఒకే ఒక్క మోకు మీద నడిచి అవతలి గట్టుకు వెళ్ళి, మళ్ళీ అదే మోకు మీద ఇవతలికి వచ్చాడు. ఆయన పేరు బ్లాండిన్. ఈ ఏటి సంచికలో మన పిల్లలకు, పెద్దలకు కూడా ఆయన జీవితాన్ని పరిచయం చేయాలనుకున్నాం.

తీగ మీద నడిచేవారి కథలు మనకు సినిమాల ద్వారా కొంత తెలుసు. 1974 ఆగస్టు 7న న్యూయార్క్ జంట భవనాల మధ్య తీగ కట్టి, దాని మీద నడిచిన ఫ్రెంచివాడు ఫిలిప్ పెతీ కథతో 2008లో 'మ్యాన్ ఆన్ వైర్' అనే డాక్యుమెంటరీ వచ్చి ఆస్కార్ గెలుచుకుంది. 2015లో అదే కథ 'ద వాక్' అనే సినిమాగా కూడా వచ్చింది. వీటికన్నా ముందే, 1986లో, నయాగరా చరిత్ర మీద ఐమాక్స్ పెద్ద తెర కోసం ఒక చిత్రం తీశారు. అందులో బ్లాండిన్ పాత్ర వేసింది ఎవరో కాదు, ఆ ఫిలిప్ పెతీయే. తీగ మీద నడిచేవారందరికీ బ్లాండిన్ మూలపురుషుడి లాంటివాడు కాబట్టి, ఆ వేషానికి అంతకన్నా తగినవాడు దొరకడు.

బ్లాండిన్ అసలు పేరు జాఁ ఫ్రాన్స్వా గ్రావెలే. 1824 ఫిబ్రవరి 28న ఉత్తర ఫ్రాన్సులో పుట్టాడు. బ్లాండిన్ అనేది బంగారు రంగు జుట్టును బట్టి వచ్చిన పేరు. అయిదేళ్ళ వయసులో ఆయన్ని లియోన్ నగరంలోని ఒక వ్యాయామ విద్యాలయంలో చేర్పించారు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ పసివాడు వింతబాలుడన్న పేరుతో జనం ముందు ప్రదర్శన ఇస్తున్నాడు. మన పిల్లలు అక్షరాలు దిద్దే వయసులో ఆయన తాడు మీద అడుగులు దిద్దాడన్నమాట.

ఈ మాట చదవగానే మనలో పల్లెటూళ్ళలో పెరిగినవారికి దొమ్మరాట గుర్తుకు రాక మానదు. ఊరి నడుమ ఖాళీ స్థలంలో డోలు మోగేది. గడ నాటేవారు. అడ్డంగా కట్టిన తాడు మీద చేతిలో కర్ర పట్టుకుని ఏడెనిమిదేళ్ళ పిల్ల నడుస్తుంటే ఊరంతా ఊపిరి బిగబట్టి చూసేది. ఆట అయ్యాక తల్లి పళ్ళెం పట్టుకుని జనం మధ్యకు వచ్చేది. కోటి విద్యలు కూటి కోసమే అన్న సామెత ఆ కుటుంబాలకు అక్షరాలా సరిపోయేది. బ్లాండిన్ పుట్టిన దేశం వేరు, నేర్చిన విద్య మాత్రం ఇదే. ఆయన కూడా దీన్ని సరదాకి నేర్చుకోలేదు, బతుకుతెరువుగా నేర్చుకున్నాడు.

1850లలో ప్రసిద్ధమైన రావెల్ బృందంతో కలిసి ఆయన అమెరికా వచ్చాడు. న్యూయార్క్‌లోని నిబ్లోస్ గార్డెన్ అనే రంగశాలలో ప్రదర్శనలు ఇచ్చాడు. అప్పటికే ముప్పై దాటాయి. మంచి ఆటగాడని పేరుంది గాని, ప్రపంచం మొత్తం చెప్పుకునేంత పేరు లేదు. ఆయన దశ తిప్పింది నయాగరాయే.

అది 1859వ సంవత్సరం. మన దేశంలో సిపాయిల తిరుగుబాటు మొదలై రెండేళ్ళయింది. అమెరికాలో అంతర్యుద్ధం ఇంకా రాలేదు. రైళ్ళు వచ్చాక నయాగరాకు సందర్శకులు పెరిగిపోయారు. బ్లాండిన్ ఆ లోయను తాడు మీద దాటతానని ప్రకటించగానే పత్రికల్లో కొన్ని నవ్వాయి, కొన్ని తిట్టాయి. జనం పందాలు కాశారు. ఎన్ని నిమిషాల్లో దాటతాడని కాదు ఆ పందాలు, పడిపోతాడా లేదా అని.

ఇక్కడ మనం ఆగి చూడవలసింది ఆయన చేసిన ఏర్పాట్లు. లోయ మీద కట్టిన మోకు పొడవు సుమారు 1,100 అడుగులు, అంటే 335 మీటర్లు. మనీలా నారతో పేనిన ఆ మోకు మందం మూడు అంగుళాల పైచిలుకు. కింద నీళ్ళకు సుమారు 160 అడుగుల ఎత్తు, అంటే దాదాపు పదిహేను అంతస్తుల మేడంత. అంత బరువైన మోకును ఒక్కసారిగా అవతలికి చేర్చడం కుదరదు కాబట్టి, ముందు సన్నని తాడును దాటించి, దాని సాయంతో మోకును లాగారు. తర్వాత దాని పొడవునా అక్కడక్కడ పక్కతాళ్ళు కట్టి రెండు గట్లకూ బిగించారు. గుడారం ఊగకుండా నలువైపులా తాళ్ళు కట్టినట్టే ఇదీను. అయితే లోయ నట్టనడుమ కొంత భాగానికి పక్కతాళ్ళు కట్టడం సాధ్యం కాలేదు. అక్కడ మోకు గాలికి ఊగుతూనే ఉండేది. పైగా సొంత బరువుకు మోకు మధ్యలో బాగా కిందికి వేలాడుతుంది. అందువల్ల ఆయన సగం దూరం దిగుడు నడక, సగం దూరం ఎక్కుడు నడక నడవాలి.

చేతిలోని పొడుగాటి గడ అలంకారం కాదు. గోడ అంచు మీద నడిచేటప్పుడు పిల్లలు వాళ్ళకు తెలియకుండానే చేతులు బార్లా చాపుతారు. గడ చేసే పని కూడా అదే, ఇంకా ఎక్కువ మోతాదులో. బరువు నడిచే మనిషికి రెండు వైపులా దూరదూరంగా పరచుకుని ఉంటే ఆ మనిషి ఒక పక్కకు వాలడం నెమ్మదిస్తుంది. ఆ దొరికిన క్షణంలో పాదాన్ని, నడుమును సరిచేసుకోవచ్చు. గడ చివరలు కొంచెం కిందికి వంగి ఉంటే మొత్తం బరువు కేంద్రం కూడా కాస్త దిగుతుంది. కాళ్ళకు మెత్తటి తోలు జోళ్ళు వేసుకునేవాడు. మోకు వంపు పాదానికి తెలియాలి కదా.

1859 జూన్ 30న వేలాది జనం చూస్తుండగా ఆయన అమెరికా గట్టు నుంచి బయలుదేరాడు. నడిమధ్యకు వచ్చాక మోకు మీదే కూర్చున్నాడు. కింద నదిలో ఉన్న 'మెయిడ్ ఆఫ్ ద మిస్ట్' పడవలోకి ఒక సన్నని తాడు వదిలి, దానికి కట్టిన సీసాను పైకి లాక్కుని తాగి, లేచి మళ్ళీ నడిచాడు. కెనడా గట్టు చేరాక కాసేపు విశ్రాంతి తీసుకుని తిరుగు ప్రయాణం కట్టాడు. ఈసారి వీపు మీద ఫొటో కెమెరా ఉంది. మోకు మధ్యలో దాన్ని నిలబెట్టి, తనను చూడటానికి వచ్చిన జనాన్నే ఫొటో తీశాడు. ఆ రోజుల్లో కెమెరా అంటే జేబులో పట్టే వస్తువు కాదు, కాళ్ళున్న ఒక పెట్టె.

ఆ వేసవిలోను, మరుసటి వేసవిలోను ఆయన పలుమార్లు లోయను దాటాడు. ప్రతిసారీ ఏదో ఒక కొత్తదనం. కళ్ళకు గంతలు కట్టుకుని దాటాడు. ఒళ్ళంతా గోనెసంచి కప్పుకుని దాటాడు. వెనక్కి నడిచాడు. ఒంటిచక్రపు బండి తోసుకుంటూ వచ్చాడు. ఒకసారి కుంపటి మోసుకెళ్ళి, మోకు మధ్యలో నిప్పు రాజేసి, ఆమ్లెట్ వేసి, కింద పడవలోని ప్రయాణికులకు తాడుతో దించాడు. ఇదంతా వినడానికి కోతిచేష్టల్లా ఉంటుంది గాని, ప్రేక్షకుడి మనసు ఆయనకు బాగా తెలుసు. నిన్న చూసిన సాహసం ఈ రోజు పాతబడిపోతుంది. మళ్ళీ జనం రావాలంటే ఇంకొంచెం భయపెట్టాలి.

అన్నిటిలోకి మమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకున్నది 1859 ఆగస్టులో జరిగిన సంగతి. ఆ రోజు బ్లాండిన్ తన మేనేజరు హ్యారీ కోల్‌కార్డ్‌ను వీపు మీద ఎక్కించుకుని లోయ దాటాడు. కోల్‌కార్డ్ తాడు మీద నడిచే మనిషి కాదు. ఆయన బరువు బ్లాండిన్ బరువుకు దాదాపు సమానం. ఎక్కే ముందు కోల్‌కార్డ్‌కు చెప్పిన నియమం ఒక్కటేనని చెబుతారు. తాను ఎటు ఊగితే అటే ఊగాలి, సొంతంగా నిలదొక్కుకునే ప్రయత్నం చేయకూడదు. మనిషికి భయం వేసినప్పుడు ఒళ్ళు దానంతట అదే బిగుసుకుపోతుంది. ఆ బిగువును వదిలేసి ఇంకొకరి శరీరంలో ఒక భాగంలా ఉండిపోవాలి. దారిలో బ్లాండిన్‌కు ఊపిరి అందక ఆగిన ప్రతిసారీ కోల్‌కార్డ్ వీపు మీది నుంచి దిగి ఆ మోకు మీదే నిలబడి, మళ్ళీ ఎక్కవలసి వచ్చింది. బ్లాండిన్ ధైర్యానికి వెనక ముప్పై ఏళ్ళ సాధన ఉంది. కోల్‌కార్డ్‌కు ఉన్నదల్లా ఆ సాధన మీద నమ్మకమే. ఆ రోజు ఇద్దరిలో ఎవరి ధైర్యం గొప్పది అంటే చెప్పడం కష్టం.

1860లో కెనడా వాడైన విలియం హంట్, ఫరీనీ అనే రంగస్థల నామంతో వచ్చి బ్లాండిన్‌కు పోటీగా మరో తాడు కట్టాడు. ఒకరు మనిషిని మోస్తే మరొకరూ మోశారు, ఒకరు వంట చేస్తే మరొకరు బట్టలుతికే యంత్రం మోసుకెళ్ళారు. 1860 సెప్టెంబరు 8న, తర్వాతి కాలంలో ఏడవ ఎడ్వర్డ్‌గా గద్దెనెక్కిన ఇంగ్లండు యువరాజు చూస్తుండగా బ్లాండిన్ కర్రకాళ్ళు కట్టుకుని మోకు మీద నడిచాడు. నయాగరాలో ఆయన చివరి ప్రదర్శన అదే. అప్పటికి ఆయన పేరు అమెరికా రాజకీయాల్లోకి కూడా పాకింది. పత్రికల వ్యంగ్య చిత్రకారులు అబ్రహాం లింకన్‌ను తాడు మీద నడిచే బ్లాండిన్‌లా గీసేవారు.

1861లో ఆయన లండన్ చేరుకున్నాడు. క్రిస్టల్ పాలెస్ అనే బ్రహ్మాండమైన గాజు భవనంలో నేలకు 70 అడుగుల ఎత్తున తాడు కట్టి ప్రదర్శనలిచ్చాడు. అక్కడే ఆయన జీవితంలో మనం తప్పక ఆలోచించవలసిన ఘట్టం ఒకటి జరిగింది. అయిదేళ్ళ తన కూతురు అడెల్‌ను ఒంటిచక్రపు బండిలో కూర్చోబెట్టి తాడు మీద తోసుకెళ్ళాడు. ఆ చిన్నారి పైనుంచి గులాబీ రేకులు చల్లింది. జనంలో కొందరు మురిసిపోయారు, కొందరు మండిపడ్డారు. చివరకు బ్రిటిష్ హోంమంత్రి జోక్యం చేసుకుని, పాపను తాడు మీదికి తీసుకువెళ్ళకూడదని ఆపించాడు.

తండ్రి కూడా తాడు ఎక్కింది అయిదేళ్ళ వయసులోనే. అప్పుడు ఏ మంత్రీ అడ్డుపడలేదు. ఆయనకు అది సహజంగానే తోచి ఉంటుంది. తనకు తెలిసిన ఒకే ఒక్క బాల్యం అదే కదా! తన అడుగు మీద తనకున్న నమ్మకంతో పాపను తీసుకెళ్ళాడు. కోల్‌కార్డ్ పెద్దవాడు, ఆలోచించుకుని ఒప్పుకుని వీపు ఎక్కాడు. అడెల్‌కు ఒప్పుకునే వయసు గాని, కాదనే వయసు గాని లేదు. ఈ రెండింటికీ తేడా ఉందని ఆనాటి సమాజం మెల్లమెల్లగా గ్రహించింది. 1879లో పద్నాలుగేళ్ళ లోపు పిల్లలతో ప్రమాదకరమైన ప్రదర్శనలు చేయించకూడదని బ్రిటన్‌లో చట్టం వచ్చింది. మన దేశంలో సర్కసుల్లో పిల్లలతో పని చేయించడాన్ని నిషేధించాలని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2011 వచ్చింది. మనం చిన్నప్పుడు చప్పట్లు కొట్టి చూసిన దొమ్మరి పిల్లలకు కూడా కాదనే వీలు ఉండేది కాదన్న సంగతి ఇప్పుడు తలుచుకుంటే కష్టంగానే ఉంటుంది.

బ్లాండిన్ జాగ్రత్తపరుడు. తాడు కట్టడం, బిగువు చూసుకోవడం, ముడులు పరీక్షించడం ఆయన నడకలో సగం పని. అయినా అన్నీ ఆయన చేతిలో ఉండవు. 1860ల తొలినాళ్ళలో డబ్లిన్‌లోని పోర్టోబెల్లో ఉద్యానంలో ప్రదర్శన జరుగుతుండగా తాడు తెగి మంచె కూలింది. ఆయనకు దెబ్బ తగలలేదు. మంచె మీద పనిచేస్తున్న ఇద్దరు కూలీలు మాత్రం పడి చనిపోయారు. జనం ఎవరి కోసం ఊపిరి బిగబట్టి చూశారో ఆయన బతికాడు, ఎవరి వైపూ చూడలేదో వాళ్ళు పోయారు.

ఆయన పేరు మారుమోగాక ఎక్కడ చూసినా చిన్న బ్లాండిన్లు, ఆడ బ్లాండిన్లు అంటూ అనుకరించేవారు పుట్టుకొచ్చారు. 1863 జులైలో బర్మింగ్‌హామ్ దగ్గర ఆస్టన్ పార్కులో మేడమ్ జెనీవ్ పేరుతో నడుస్తున్న ఒక స్త్రీ తాడు తెగి పడి అందరి కళ్ళెదుటే మరణించింది. అప్పుడామె గర్భవతి. ఈ వార్త విని విక్టోరియా మహారాణి నొచ్చుకుని ఆ నగర మేయరుకు ఉత్తరం రాయించింది. ప్రజల వినోదం కోసం ఇటువంటివి జరగనివ్వడం తగదన్నది దాని సారాంశం. బ్లాండిన్ నుంచి వాళ్ళు చూసి నేర్చుకున్నది తెగింపు. తాడును తడిమి చూసే ఓపిక ప్రేక్షకులకు కనిపించదు కాబట్టి అనుకరించేవారికీ అంతగా కనిపించలేదు. అందరూ అలా పోయారని కాదు. 1876లో మరియా స్పెల్టరీనీ అనే ఇటలీ యువతి నయాగరా లోయను ఒకసారి పాదాలకు బుట్టలు కట్టుకుని కూడా క్షేమంగా దాటింది.

బ్లాండిన్ ఇంగ్లండులోనే స్థిరపడి 1868లో బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నాడు. పుట్టింది ఒక దేశంలో, పేరు తెచ్చుకున్నది మరో దేశంలో, ఇల్లు కట్టుకున్నది ఇంకో దేశంలో. మనలాంటి వాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. 1873లో బర్మింగ్‌హామ్‌లోని ఎడ్జ్‌బాస్టన్ జలాశయాన్ని తాడు మీద దాటాడు. 1874లో ఆస్ట్రేలియా పర్యటించాడు. కొంతకాలం విరమించుకున్నా 1880లో మళ్ళీ తాడు ఎక్కాడు. ఆయన చివరి ప్రదర్శన 1896లో బెల్‌ఫాస్ట్‌లో జరిగింది. అప్పటికి ఆయనకు డెబ్బై రెండేళ్ళు! ఆ వయసులో మన ఇళ్ళలో పెద్దవాళ్ళను మెట్ల దగ్గర కూడా చెయ్యి పట్టుకుని దించుతాం.

లండన్ శివారు ఈలింగ్‌లోని తన ఇంటికి ఆయన పెట్టుకున్న పేరు నయాగరా హౌస్. ఆ ఇంట్లోనే 1897 ఫిబ్రవరి 22న, 73వ పుట్టినరోజుకు ఆరు రోజుల ముందు, మధుమేహంతో కన్నుమూశాడు. పడతాడా లేదా అని లోకమంతా పందాలు కాసిన మనిషి చివరకు మంచం మీద, అందరిలాగే, చక్కెర జబ్బుతో వెళ్ళిపోయాడు. లండన్‌లోని కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. ఈలింగ్‌లో బ్లాండిన్ పేరుతో ఒక వీధి, ఒక పార్కు, పక్కనే నయాగరా పేరుతో మరో వీధి ఉన్నాయి.

ఆయన తర్వాత మరికొందరు నయాగరా లోయను దాటారు గాని, ఆ తర్వాత అధికారులు అటువంటి ప్రదర్శనలకు అనుమతి ఇవ్వడం మానేశారు. నూరేళ్ళకు పైగా గడిచాక 2012 జూన్ 15న నిక్ వాలెండాకు ప్రత్యేక అనుమతి దొరికింది. బ్లాండిన్ దాటింది దిగువ లోయను. వాలెండా ఉక్కు తీగ మీద సరాసరి జలపాతం పైనుంచే దాటాడు. ప్రసారం చేసిన టీవీ సంస్థ పట్టుబట్టడంతో నడుముకు రక్షణ తాడు కట్టుకున్నాడు. కెనడా గట్టు మీద కాలు పెట్టగానే అధికారులు పాస్‌పోర్ట్ అడిగారు. జేబులోంచి తీసి చూపించాడు. జలపాతం మీద నడిచి వచ్చినా ఇమిగ్రేషన్ తప్పలేదన్నమాట!

ఆ రక్షణ తాడును కొందరు ఎగతాళి చేశారు. అది ఉంటే ఇంక సాహసం ఏముందన్నారు. 1859లో పందాలు కాసినవారి మాట కూడా ఇంచుమించు ఇదే. బ్లాండిన్ కథను తిరగేసి చదివితే మాకు తోచింది వేరు. ఆరు దశాబ్దాలకు పైగా తాడు మీద బతికిన మనిషి, ముసలితనం దాకా బతికి ఉన్నాడంటే దానికి కారణం తెగింపు అయ్యుండదు. రోజూ చేసిన సాధన, ప్రతి ముడినీ తానే చూసుకునే అలవాటు. గట్టు మీద నిలబడ్డవారికి కనిపించింది ఇరవై నిమిషాల నడక మాత్రమే.

వేల్స్, స్కాట్లండ్ రాతి గనుల్లో లోతైన గోతుల మీదుగా తీగలు కట్టి, వాటి మీద బండరాళ్ళను పైకి, బయటికి మోసే యంత్రాలు ఉండేవి. ఆ తీగ యంత్రాన్ని అక్కడి కార్మికులు బ్లాండిన్ అనే పిలిచేవారు. బరువును భద్రంగా గట్టుకు చేర్చే యంత్రానికి ఆయన పేరు పెట్టారంటే, ఆయన విద్య సంగతి ఆ గని కార్మికులకు సరిగ్గానే అర్థమైందని అనుకుంటాం. ఈసారి నయాగరా వెళ్ళినప్పుడు పిల్లలకు ఆ లోయను చూపించి ఈ కథ చెప్పండి. ఆయన ఎలా నడిచాడో చెప్పే ముందు, మోకు ఎలా కట్టాడో చెప్పండి.